సంగటి ముద్దకు శంకరా పడదు

జనవరి 20, సోమవారం

మా ఆయన దామోదర్‌కు ఆఫీసులో ఇచ్చిన డైరీ ఇది. ఆయన వారమంతా బెంగళూరులో ఉండి శనివారం రైలుకు వస్తాడు. రాసే తీరిక ఆయనకు లేదు, నాకు ఇచ్చేశాడు. ముందరి పేజీలు ఖాళీగా పోయాయి, పోనీ.

కొత్త పని దొరికింది. సముద్రంలో వేటకు పోయేవాళ్ళ ఫోన్లకు బెంగళూరు కంపెనీ ఒకటి తెలుగులో సలహాలు పంపుతుందట. ఒక్కోటి తొంభై సెకండ్లు. నేనే రాసి, నేనే చదివి, రికార్డు చేసి పంపాలి. మొత్తం ఇరవై, అన్నీ ఒకే చేప మీద. ఇంగ్లీషులో స్నాపర్ అంటారు, మన దగ్గర ఐసు పెట్టెల్లో వచ్చే ఎర్ర శంకరా. అది ఎక్కడ ఉంటుంది, ఏ గాలం వెయ్యాలి, ఏ ఎర పెట్టాలి, పడితే ఎట్లా పైకి తియ్యాలి. కుప్పంలో కూర్చుని నేను సముద్రం వాళ్ళకు చేపలు పట్టడం నేర్పాలి. నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారి, డిగ్రీ చదివేటప్పుడు మద్రాసులో, అదీ చెప్పులు తడుస్తాయని దూరంగా నిలబడి. ఈ ముక్క అనిత మేడంకు చెప్పలేదు. పని ఇచ్చిన ఆమెదీ మదనపల్లే, ఆమె మాత్రం ఏం చూసి ఉంటుంది.

నాకు ఇంట్లో ఉండి చేసుకునే పనే కావాలి. నాయనను వదిలి ఎక్కడికీ కదలలేను. శాంతిపురంలో ముప్పై ఏళ్ళు గ్రానైటు రాళ్ళు కోశాడు. పని దిగగానే చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు, అమ్మ పోయాక ఇంకా ఎక్కువ. నవంబరులో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కాలు కొంచెం నయం, గోడ పట్టుకుని నడుస్తాడు. నాలుక మందమైంది. డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "మాటలన్నీ లోపలే ఉండాయమ్మా. బయటికి రావడానికి టైం పడతాది. రోజూ మాట్లాడించండి. ఈ నాలుగైదు నెలలు నోరు కదపకపోతే ఆ తర్వాత కష్టం."

మా ఇంటికి తెచ్చుకుని రెండు నెలలు. ఒక్క మాట లేదు. నా వైపు చూస్తాడు, గోడ వైపు తిరుగుతాడు.

నాకు కావలసింది అదొక్కటే, నాయన మాట్లాడాలి. మాట్లాడించేదాకా వదిలేది లేదు. నా నోటి సంగతి మా వీధి వీధికంతా తెలుసు.

జనవరి 23, గురువారం

పుంగనూరు నుంచి బాబు సాహెబ్ మామ వచ్చాడు. కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. నాయనకు గాలం జోడీ. ఆదివారమొస్తే ఇద్దరూ ఏదో ఒక చెరువు దగ్గర ఉండేవాళ్ళు.

మంచం పక్కన కుర్చీ వేశాను. "ఎట్లుండావప్పా ఎల్లప్పా?" అన్నాడు.

"బాగుండాడు మామా. కాలు ఇప్పుడు బాగా లేస్తాంది," అన్నాను.

"బాగా తింటాండావా?" మళ్ళీ నాయననే అడిగాడు.

"యాడ తింటాడు మామా. రెండు ముద్దలు దిగితే గొప్ప."

నాయన పెదవులు కదిలాయి. "చె" అన్నట్టు వినబడింది. నాకు వెంటనే అర్థమైంది. "చెరువులో నీళ్ళు ఏమాత్రం ఉండాయని అడగతాండాడు మామా," అన్నాను. నాయన నోరు మూసుకున్నాడు.

మామ టీ తాగి, బిస్కెట్ పొట్లం మంచం మీద పెట్టి, నాయన భుజం పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళ స్నేహం, అరగంట కూర్చోలేకపోయాడు. జబ్బు మనిషి దగ్గర కూర్చోవాలంటే ఎవరికైనా భయమే.

జనవరి 26, ఆదివారం

మా అమ్మాయి హరిత మదనపల్లె హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. తాతకు ఇమ్మంది. ఇచ్చాను. "తాతా, ఏం తిన్న్యావు?" అని అడిగింది. నాయన ఫోను చెవి దగ్గర పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పాపం పిల్ల ఎంతసేపని ఆగుతుంది. ఇడ్లీ తిన్నాడని నేనే చెప్పాను.

జనవరి 30, గురువారం

మూడు సలహాలు పంపించాను. శంకరా ఇసకలో ఉండదట, నీటి అడుగున రాళ్ళ గుట్టలుంటే అక్కడ ఉంటుందట. మునిగిపోయిన పాత పడవలుంటే వాటి చుట్టూ చేరుతుందట. తెల్లవారేటప్పుడు, పొద్దు గుంకేటప్పుడు ఎరకు బాగా వస్తుంది. గాలానికి కట్టే సీసం గుండు మరీ బరువు ఉండకూడదు, అడుగు తాకేంత ఉంటే చాలు. వాళ్ళు ఇంగ్లీషులో ఇచ్చింది నేను తెలుగులో పెడుతున్నాను. నన్నడిగితే చాలా బాగా వస్తోంది.

గొంతు సరిచూసుకోవడానికి ముందు గదిలో కూర్చుని గట్టిగా చదువుతున్నాను. సీసం గుండు అనగానే నాయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. మొత్తం అయ్యేదాకా అట్లాగే చూశాడు. అప్పటికప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదివాను. పక్కింటి శారదమ్మ కిటికీలోంచి తొంగి చూసి, "ఎవురికి చెప్తాండావే చేపల సంగతి?" అంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

నాయన మాట్లాడాడు.

ఎర గురించి నాలుగో సలహా రాస్తున్నాను. స్క్విడ్ ముక్కలు, కవళ్ళనే చిన్న చేపలు అని ఉంది వాళ్ళ కాగితంలో. స్క్విడ్ అంటే ఏమిటో ఫోన్‌లో బొమ్మ చూసి భయపడ్డాను. నాయన మంచం దగ్గరికి తీసుకుపోయి చూపించి, "ఇదంట నాయనా ఎర. నువ్వేం పెడతాంటివి?" అన్నాను. అంతలో దామోదర్ తలుపు దగ్గర కూరగాయల బండి ఆపి, టమేటాలు తీసుకోవాలా అని కేకేశాడు. లేచి పోయాను. వెనక నుంచి వినబడింది.

"సంగటి."

స్పష్టంగా. మందంగానే, కానీ స్పష్టంగా. టమేటాలు చేతిలోంచి జారిపోయాయి. పరుగెత్తుకుని వచ్చి, "సంగటా నాయనా? రాగి సంగటి ముద్దా? పసుపు కలుపుతావా? గానుగ చెక్క పొడి కలుపుతావా?" అని అడిగాను. తల ఊపాడు. అంతకంటే ఇంకో మాట రాలేదు, పరవాలేదు. రెండు నెలల పదిరోజులకు ఒక మాట వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది.

నాలుగో సలహాలో రాశాను: గట్టిగా కెలికిన రాగి సంగటి ముద్ద, చిటికెడు పసుపు, గానుగ చెక్క పొడి, గోలీకాయంత ఉండ.

దామోదర్ చదివి, "సముద్రంలో సంగటి ఏందే?" అన్నాడు.

"నలభై ఏండ్లు గాలం ఏసినోడు చెప్తాంటే నీకేం తెలుసు? చేప యాడున్నా చేపే," అన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

అనిత మేడంకు నాలుగోది చాలా నచ్చింది. మిగతా వాటికంటే సహజంగా ఉందంది. పదకొండు వందల ఫోన్లకు పోయిందట. నాయనకు చెప్పాను. "సూడు నాయనా, నీ మాట సముద్రం దాకా పోయింది." కళ్ళు ఆర్పాడు.

మళ్ళీ ఏం మాట్లాడలేదు. నేను పొద్దున నుంచి అడుగుతూనే ఉన్నాను. బొచ్చె చేపకు ఏం పెడతావు, జెల్లకు ఏం పెడతావు, బెండు ఎంత లోతు కడతావు, రెండు మూరలా, మూడు మూరలా.

ఫిబ్రవరి 8, శనివారం

ప్రతి సలహా చివర సందేహాలుంటే ఫోన్ చెయ్యమని నా నంబరే చెప్పమన్నారు. ఇవ్వాళ మొదటి ఫోన్ వచ్చింది.

"అమ్మా, శంకరాకు సంగటి పెట్టమని చెప్పింది నువ్వేనా?"

నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డున ఊరట. పేరు పోలయ్య. గొంతు వింటే అరవై దాటినట్టుంది.

"నేనేనండీ."

"మీదే ఊరు తల్లీ?"

"కుప్పం."

"కుప్పంలో సముద్రం ఎక్కడుందమ్మా?" అన్నాడు, చాలా మర్యాదగా.

జరిగింది ఆయనే చెప్పాడు. వాళ్ళ అల్లుడు నా సలహా విని నిన్న నిజంగానే సంగటి వండించుకుని పడవెక్కాడట. రెండు గంటలు పోయి గాలం వేస్తే అడుగుకు చేరేలోపలే సంగటి కరిగిపోయిందట. అయిదుసార్లు వేశాడట. "శంకరా మాంసం తినే చేపమ్మా. దానికి రక్తం వాసన కావాల. కవళ్ళు కోసి పెట్టాల, అయ్యీ ఆ పొద్దు పట్టినయ్యే. మా వాళ్ళు మిగిలిన సంగటి పులుసులో అద్దుకుని తినేసినారు. ఆకలి తీరింది, చేప మాత్రం పడలా."

భూమి చీలితే బాగుండుననిపించింది. "ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు. మా నాయన అన్నాను. చెరువు గాలమనీ, పక్షవాతమనీ, ఆ ఒక్క మాటా రెండు నెలలకు వచ్చిందనీ అన్నీ చెప్పేశాను. చెప్పాలనుకోలేదు, నోరు ఊరుకోదు కదా.

"ఆయన్ని ఇయ్యి ఒకసారి."

"మాట్లాడలేడండీ."

"వినగలడు గదా. ఇయ్యమ్మా."

స్పీకర్ పెట్టి నాయన దిండు పక్కన ఉంచాను. "అన్నా, నీ సంగటికి పడిన పెద్ద చేప ఏందన్నా?" అన్నాడు పోలయ్య. నేను చెప్పబోయేలోపల పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. వంటింట్లోకి పరుగెత్తాను. గట్టు తుడిచి, గిన్నె మార్చి వచ్చేసరికి నాయన గొంతు.

"బొచ్చె. ఎని...మిది. కేజీలు."

"ఎనిమిదా! గాలం గెడ ఇరగలా?"

చాలాసేపు ఏమీ లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. "ఇరి...గింది," అన్నాడు నాయన. ముఖంలో ఎడమ పక్క నవ్వింది.

సంగటి సంగతి చెబితే అనిత మేడం గట్టిగానే తిట్టింది. క్షమించమని ఇంకో సలహా రికార్డు చేయించింది. ఇకనుంచి ప్రతిదీ పోలయ్యకు వినిపించి సరే అన్నాకనే పంపాలట. ఎన్ని తిట్లయినా తింటాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున నుంచి అడుగుతున్నాను. బొచ్చె ఏ చెరువులో పడింది, ఏ సంవత్సరం, నేను పుట్టానా అప్పటికి. ఒక్క మాట లేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడాడు, నాతో మాట్లాడడు.

ఫిబ్రవరి 12, బుధవారం

పోలయ్య మధ్యాహ్నం పూట వల బాగుచేసుకుంటూ ఫోన్ చేస్తాడు. ముందు నేను రాసింది వినిపించాలి, ఆయన దిద్దాలి. తర్వాత నాయనతో మాట. సలహాలకు పనికొస్తుందని అన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాను.

ఇవ్వాళ గాలం కట్టే దారం గురించి. శంకరా రాళ్ళ సందుల్లోకి దూరి రుద్దేస్తుంది కాబట్టి గాలం దగ్గర బారెడు దారం మందంగా ఉండాలట. నాయన ఏదో చెప్పబోయాడు. "ము..." అన్నాడు. ముడి గురించే అని తెలుస్తూనే ఉంది. "ముడి ఎట్లేస్తారని అడగతాండాడు," అన్నాను.

"అమ్మా," అన్నాడు పోలయ్య, "నువ్వు కాస్త ఉండు."

కోపంగా అనలేదు. అయినా నాకు చెప్పుతో కొట్టినట్టయింది. స్నానం చేయించేది నేను. అన్నం తినిపించేది నేను. రాత్రి మూడుసార్లు లేపి బాత్రూముకు తీసుకుపోయేది నేను. ఆయనెవరు నన్ను ఉండమనడానికి? నాయన ఏం చెప్పబోతాడో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మాటకు వెతుక్కుంటూ ఆయన అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోవాలా? కడుపున పుట్టినవాళ్ళెవరూ కూర్చోలేరు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు. పెరట్లో బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను.

ఫిబ్రవరి 13, గురువారం

నాకు ఎవరి మీదా కోపం లేదు. నేను బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

తొమ్మిదో సలహా. అన్నిటికంటే బాగా చదివానని పోలయ్యే అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను:

"శంకరా ముందు ఎరను ముక్కుతో పొడుస్తాది. టక్, టక్ మంటాది చేతికి. కొత్తోడు అప్పుడే లాగేస్తాడు. లాగితే ఎరా పోతాది, చేపా పోతాది. గుండ్రం గాలమైతే అసలు లాగనే గూడదు. చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. అయినా ఉండాల. దారం బరువెక్కిందాకా ఉండి, అప్పుడు నిదానంగా ఎత్తాల. ఎత్తడం మొదలుపెట్టినాక మాత్రం ఆగొద్దు."

నాయన విని ఎడమ చేతి వేలు పైకెత్తాడు, నిజమే అన్నట్టు. చెరువులోనూ అంతేనట. బెండు ఆడినప్పుడు కాదు, మునిగినప్పుడు. ఇది ఆయన వేలితోనే చూపించాడు. నేను అర్థం చేసుకుని పోలయ్యకు చెప్పాను.

మార్చి 4, మంగళవారం

అనిత మేడం ఫోన్. పదమూడో సలహాలో మధ్యలో నలభై సెకండ్లు ఏమీ లేదట, తర్వాత గురకలాగా ఏదో ఉందట. వినిపించింది. గురకే. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టకపోతే ఎర్ర రంగు వెలిసిపోతుంది అని చెబుతూ చెబుతూ నిద్రపోయాను. దామోదర్‌కు ఫోన్‌లో వినిపిస్తే పడీ పడీ నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "ఒక నెల ఎవుర్నైనా పెట్టుకుందామా నీలిమా?" అన్నాడు.

"యాల? నాకేమైంది? బాగానే ఉండాను," అన్నాను. దోసె మాడింది. ఈ వారంలో అది నాలుగోసారి. పెనం పాతదైపోయింది, కొత్తది కొనాలి.

మార్చి 9, ఆదివారం

ఇది రాయకుండా ఉండలేను.

పదిహేనో సలహాకు పోలయ్య మాటలు కావలసి వచ్చి పాత రికార్డింగులు వింటున్నాను. చెవుల్లో పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ. ఫిబ్రవరి ఇరవై ఆరుది, తొమ్మిది నిమిషాలు. అందులో నాయన గొంతు ఉంది.

"నీ..." "నీళ్ళ లోతు అంటాండాడు." అది నా గొంతు.

"రా..." "రాళ్ళల్లో దారం తెగిపోదా అని." నేను.

"కా..." "కాలు నొప్పా నాయనా? కాఫీనా? కాఫీ తెస్తా ఉండు." నేను. లేచి పోయిన చప్పుడు. ఆ తర్వాత నాలుగు నిమిషాలు నేను లేను.

ఆ నాలుగు నిమిషాలు మూడుసార్లు విన్నాను. పోలయ్య ఏమీ అనడు. వెనక సముద్రం చప్పుడు, ఎవరో పిల్లల్ని పిలుస్తున్న చప్పుడు. ఎంతసేపంటే ఎవరైనా ఫోన్ పెట్టేస్తారు. అప్పుడు నాయన: "కాదు. లోతు... కాదు. నీకు... ఈత. వచ్చా? అని." పోలయ్య: "రాదన్నా. మా వాళ్ళల్లో సగం మందికి రాదు." నాయన నవ్వాడు. నాయన నవ్విన చప్పుడు విని ఎన్నాళ్ళయింది.

నీళ్ళ లోతు కాదు. నీకు ఈత వచ్చా అని.

తొమ్మిది నిమిషాల్లో పదకొండుసార్లు నేను ఆయన నోట్లోంచి మాట లాక్కున్నాను. లెక్కపెట్టాను. పదకొండులో ఎన్ని సరైనవో ఇప్పుడు ఎవరికి తెలుసు. బాబు సాహెబ్ మామ వచ్చినప్పుడు "చె" అన్నాడు. చెరువు అన్నాను నేను. చెరువేనా? చెల్లెలా, చెయ్యా, చెప్పులా? హరితకు ఇడ్లీ తిన్నాడని చెప్పాను. ఆ పూట ఆయన తిన్నది ఉప్మా. సంగటి అని ఆ రోజు ఎందుకు చెప్పగలిగాడంటే నేను టమేటాల కోసం బయటికి పోయాను. బొచ్చె ఎనిమిది కేజీలు ఎందుకు చెప్పగలిగాడంటే పాలు పొంగాయి.

నాయనను మాట్లాడనివ్వనిది నేనే. జబ్బు కొంత, మిగతాదంతా నేను.

ప్రేమతోనే చేశాను. ఆ మాట రాసుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుందని రాశాను, లేదు.

మార్చి 10, సోమవారం

ఇవ్వాళ నోరు మూసుకుని ఉండాలనుకున్నాను. ఎంత కష్టమో. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. "ఉ..." అన్నాడు. ఉప్పు, ఉల్లిపాయ, ఉండు, ఉడకలేదు, నాలుగూ నా నాలుక చివరికొచ్చాయి. కొంగు నోట్లో పెట్టుకున్నాను. నాయన నన్ను విచిత్రంగా చూశాడు. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడేమో.

"ఉప్పు... ఎక్కువ," అన్నాడు చివరికి.

నిజమే. రెండుసార్లు వేసినట్టున్నాను.

మార్చి 12, బుధవారం

పోలయ్యకు చెప్పాను, నా తప్పు తెలిసిందని. "తప్పేముందమ్మా. కొత్తలో అందరూ తొందరగా లాగేసేవాళ్ళే," అన్నాడు. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట బంద్, అప్పుడు ఇంకా తీరిగ్గా మాట్లాడతానన్నాడు. నాయన దగ్గర ఫోన్ పెట్టి పెరట్లోకి పోయాను. ఈసారి ఉతకడానికి ఏమీ లేదు. ఊరికే కూర్చున్నాను.

మార్చి 16, ఆదివారం

బాబు సాహెబ్ మామను నేనే ఫోన్ చేసి పిలిచాను. వచ్చాడు. కుర్చీ వేసి, "మామా, నేను బజారుకు పోయొస్తా. నాయన ఏమన్నా చెప్పాలంటే టైం పడతాది, నువ్వు ఊరికే కూర్చో," అన్నాను.

"గాలం ఏసినోళ్ళకు కూర్చోడం నువ్వు చెప్పాల్నా అమ్మా?" అన్నాడు.

ఆ రోజు అరగంట కూడా కూర్చోలేదని రాశాను. నేనున్నంతసేపూ ఆయనకు మాట్లాడే మనిషే దొరకలేదు, ఇంకేం కూర్చుంటాడు. బజారులో ఏం కొనాలో తోచక గంటన్నర తిరిగి కొత్తిమీర కట్ట ఒకటి పట్టుకొచ్చాను. వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మామ ఎవరినో తిడుతున్నాడు, నాయన "కాదు... కాదు" అంటున్నాడు. గడప దగ్గరే నిలబడ్డాను. పోట్లాడుకుంటున్నారు. నాకు ఎంత హాయిగా ఉందో.

మార్చి 21, శుక్రవారం

ఇరవయ్యోది పంపేశాను. చిన్న శంకరా పడితే మళ్ళీ నీళ్ళల్లో వదిలెయ్యండి అనేది ఆఖరి సలహా. అనిత మేడం తర్వాత రొయ్యలంది.

తల బరువుగా ఉంది. ఎండలు మొదలయ్యాయి కదా. వచ్చే శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి.

మార్చి 28, శుక్రవారం

ఆటోలో పోయాం. దామోదర్ సెలవు పెడతానన్నాడు, నేనే వద్దన్నాను. లోపలికి పోగానే నాయనను కుర్చీలో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను.

డాక్టరమ్మ చీటీ చూసింది. అలవాటుగా నా వైపే తిరిగి, "ఎట్లుండాడమ్మా?" అంది.

నాలుగు నెలలుగా ప్రతిసారీ నేనే చెప్పాను. ఇవ్వాళ చెప్పాల్సింది ఎంతో ఉంది. మాటలు వచ్చాయని, నవ్వాడని, పోట్లాడాడని. గొంతులో అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. "ఆయన్నే అడగండి మేడం," అన్నాను. అని పళ్ళు బిగించుకున్నాను.

ఆమె నాయన వైపు తిరిగింది. "ఏం పెద్దాయనా, ఎట్లుండాది?"

నాయన పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. బయట తర్వాతి నంబరు పిలుస్తున్నారు. డాక్టరమ్మ పెన్ను తిప్పుతోంది. నేను గోడ మీద గుండె బొమ్మలో రంగులు చూశాను. ఎర్రవి, నీలంవి. మళ్ళీ మళ్ళీ చూశాను.

"నాకు... బాగుండాది," అన్నాడు నాయన. డాక్టరమ్మ ముఖం విప్పారింది. చీటీ మీద రాయబోయింది. నాయన ఎడమ చెయ్యి ఎత్తాడు, ఇంకా అయిపోలేదన్నట్టు. ఆమె ఆగింది.

చెయ్యి నా వైపు చూపించాడు.

"దీనికి..." అన్నాడు.

దీనికి రుణపడి ఉన్నానంటాడేమో, దీనికి నోరెక్కువంటాడేమో. రెండూ నా నోటి దాకా వచ్చి ఆగాయి. చాలాసేపు పట్టింది. ఎంతసేపో నాకు తెలియదు.

"దీనికి... నిద్ర లేదు. కార్తీకం... నుంచి. నన్ను... లేపుతాది. పండ...బెడతాది. అది... పండుకోదు. నిలబడే... కునుకు తీస్తాది. పొయ్యి... దగ్గర. నాకు... బయం." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను... కాదు. దీన్ని... సూడమ్మా. మందు... దీనికి... రాయి."

"అయ్యో, నాకేం లేదు మేడం," అనబోయాను. నాకు చాలా సులువుగా వచ్చే మాట అది. నాయన తల తిప్పి నన్ను చూశాడు. నోట్లోనే ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం వెతుక్కుంటున్నాడో నాకు తెలుసనుకున్నాను. నీళ్ళనుకున్నాను, ఉప్పనుకున్నాను, కాఫీ అనుకున్నాను. నన్ను చూస్తూ పడుకుని ఉన్నాడు. నాలుగు నెలలు నేను ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నానని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు.

డాక్టరమ్మ పక్కనున్న స్టూలు నా వైపు జరిపింది. కూర్చున్నాను. కాళ్ళు ఎంత నొప్పిగా ఉన్నాయో కూర్చున్నాక తెలిసింది. ఆమె కొత్త చీటీ ఒకటి తీసుకుని, "పేరు చెప్పమ్మా," అంది.

ఏడుపు అడ్డం పడి నా నోట మాట రాలేదు. పెదవులు కదిలాయి, అంతే. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. నాయన కూడా నా ముఖంలోకి చూస్తూ కాసేపు ఆగాడు. ఇంక నాకు రాదని తెలిసినట్టుంది.

"నీ...లి...మ," అని ఆయనే చెప్పాడు.